మెయిన్ స్విచ్ దగ్గర మనిషి

లిఫ్టులు బాగుచేసే ఆ కంపెనీలో అతన్ని అందరూ మెరుపు అని పిలిచేవాళ్ళు. ఏ భవనంలోనో లిఫ్టు మధ్యలో ఆగి, లోపల మనుషులు ఇరుక్కుని, బయట వాళ్ళ తాలూకు వాళ్ళు గగ్గోలు పెడుతుంటే కంపెనీ అతన్నే పంపేది. మెట్లు రెండేసి చొప్పున ఎక్కి, తలుపుకి చెవి ఆనించి, "పైన బ్రేకు పట్టేసింది" అనో, "మధ్యలో ఏదో తలుపు సరిగ్గా పడలేదు" అనో చెప్పేసేవాడు. మిగతావాళ్ళు పూటంతా వెతికినా దొరకని లోపం అతనికి చిటికెలో దొరికేది. అదే మనిషికి నెలనెలా నూనె వేసే పని అప్పజెబితే మాత్రం ఇక దేవుడే దిక్కు. నూనె డబ్బా ఒక అంతస్తులో, గుడ్డ ఇంకో అంతస్తులో, తను మేడమీద నీళ్ళ ట్యాంకు ఎందుకు కారుతోందో చూస్తూ ఉండేవాడు.

ఇంట్లోనూ అదే వరస. "ఈయన్ని పాలకి పంపితే పక్కింటివాళ్ళ కుళాయి బాగుచేసి, చేతులూపుకుంటూ వస్తారు" అని భార్య నవ్వేది. ఇంట్లోనే మిషను పెట్టుకుని స్కూలు యూనిఫారాలు కుట్టే మనిషి ఆమె. చేతిలో పని ఆపకుండానే నవ్వేది. ఈ మధ్య కొన్నేళ్ళుగా ఆ నవ్వు తగ్గింది.

ఆమె తమ్ముడు కూడా అదే కంపెనీలో పనిచేసేవాడు. బావకీ బామ్మర్దికీ జోడీ కుదిరింది. బావ పారేస్తాడని తెలిసి బామ్మర్ది ప్రతి పనిముట్టూ రెండేసి మోసేవాడు. "మా బావ బంగారం, ఎక్కడ పెడితే అక్కడ పోతుంది" అని అందరి ముందూ ఏడిపించేవాడు.

ఆ రోజు ఇద్దరూ ఒక పాత నివాస భవనానికి వెళ్ళారు. లిఫ్టు కింది గుంతలో వాన నీళ్ళు చేరాయి. పనివాళ్ళు దాన్ని పిట్ అంటారు. కేబిన్ కింది అంతస్తుకి దిగినప్పుడు దాని అడుగున మిగిలే చోటు అది. మనిషి అందులో నిలబడితే భుజాల దాకా ఉంటుంది. బామ్మర్ది అందులో దిగి నీళ్ళు తోడి, స్ప్రింగులకు గ్రీజు పూయాలి. మెరుపు పైన మోటారు గదిలో మెయిన్ స్విచ్ కట్టేసి, దాని పక్కనే నిలబడాలి. మామూలుగా పిట్‌లో కూడా ఒక ఎర్ర మీట ఉంటుంది, అది నొక్కితే లిఫ్టు కదలదు. ఆ భవనంలో అది తుప్పుపట్టి ఎప్పుడో పాడైపోయింది. కాబట్టి ఆ రోజు కింద దిగినవాడి ప్రాణం పైనున్నవాడి చేతిలో ఉంది.

"కట్టేశావా బావా?" అని ఫోన్లో అడిగాడు బామ్మర్ది.

"కట్టేశా. దిగరా."

నిజంగానే కట్టేశాడు. బామ్మర్ది దిగి, వరండాలో పిల్లలు ఆడుకుంటున్నారని తలుపు లోపలినుంచి మూసుకున్నాడు. పైన మెరుపు కాసేపు స్విచ్ పక్కనే గోడకి ఆనుకుని నిలబడ్డాడు. గదిలో ఉక్క. చేయడానికి ఏమీ లేకపోవడం అతనికి ఒళ్ళంతా చీమలు పాకినట్టుండేది. కళ్ళు అటూ ఇటూ తిరిగి, కంట్రోలు పెట్టెలో నల్లగా మాడిన ఒక రాగి ముక్క మీద ఆగాయి. ఈ లిఫ్టు అప్పుడప్పుడు మొరాయించేది దీనివల్లేనని తట్టింది. తట్టిన మరుక్షణం నుంచి ఆ రాగి ముక్క తప్ప అతనికి ఇంకో లోకం లేదు. విప్పాడు, గీకాడు, తుడిచాడు, బిగించాడు. బాగయిందో లేదో చూడాలి. చూడాలంటే కరెంటు కావాలి. చెయ్యి దానంతటదే మెయిన్ స్విచ్ మీదికి వెళ్ళింది.

ఎవరో కింద బటన్ నొక్కి ఉంచారేమో, మోటారు తిరిగింది. తాళ్ళు కదిలాయి. ఎంత మెత్తగా తిరుగుతోందో అనుకున్నాడు. నవ్వుకున్నాడు కూడా.

కింద బామ్మర్ది స్ప్రింగు దగ్గర వంగి ఉన్నాడు. గోడవారన ఉండే ఇనుప దిమ్మెల దొంతర తనంతట తాను పైకి లేవడం కంటి కొసన కనిపించింది. అది లిఫ్టుకి ఎదురు తూకం. అది లేచిందంటే కేబిన్ దిగుతోందని ఆ పనిలో ఉన్న ఎవరికైనా తెలుసు. తల ఎత్తి చూడటానికి కూడా వ్యవధి లేదు. ఒక్క కేక పెట్టి నీళ్ళలో బోర్లా పడ్డాడు.

ఆ కేక తాళ్ళ సందుల్లోంచి పైకి వచ్చింది. మెరుపు స్విచ్ లాగేశాడు. కేక ఆగిపోయింది. ఆగిపోయినందుకే అతనికి ఎక్కువ భయం వేసింది. మెట్ల మీంచి దిగాడో పడ్డాడో తెలియదు, కింది తలుపు తాళంతో తెరిచి వంగి చూశాడు. కేబిన్ దాదాపు నేలదాకా వచ్చేసింది. కిందున్న సందులోంచి ఒక చెయ్యి కనిపించింది. వేళ్ళు కదిలాయి.

"బావా... పైకి లేపు."

కేబిన్‌ని పైకి లేపాలంటే మళ్ళీ మోటారు గదికి వెళ్ళి చేత్తో చక్రం తిప్పాలి. అన్ని అంతస్తులూ ఎక్కుతున్నంతసేపూ మెరుపుకి ఒకటే భయం. దారిలో ఎందుకు ఎక్కుతున్నానో మర్చిపోతానేమో. "చక్రం, చక్రం, చక్రం" అని పైకే అనుకుంటూ ఎక్కాడు. మెట్ల మీద ఎదురైన ఒకాయన గోడకి అతుక్కుని దారిచ్చాడు.

కేబిన్ అడుగున వేలాడే రేకు తగిలి బామ్మర్దికి భుజం దగ్గర ఎముక చిట్లింది. అంతకుమించి ఏమీ కాలేదు. ఆసుపత్రికి వెళ్తుంటే ఆటోలో వాడు తడిబట్టలతో వణుకుతూ, బావ వైపు చూడకుండా మాట్లాడాడు.

"మెట్ల మీద జారి పడ్డానని చెప్తా. కంపెనీలోనూ అంతే, మా అక్కకీ అంతే. నువ్వు నోరెత్తకు."

"ఒరేయ్..."

"నువ్వు కావాలని చేయలేదని నాకు తెలుసు బావా. నా భయం అదే. కావాలని చేసేవాడు ఎప్పుడో ఒకప్పుడు మానేస్తాడు. నువ్వెలా మానతావు?" మొహం రోడ్డు వైపు తిప్పుకున్నాడు. "నీతో మళ్ళీ పిట్‌లోకి దిగను. ఒట్టు. ఎవరికైనా చూపించుకో."

ఆ తర్వాత మెరుపుకి దినదినగండమే అయింది. బామ్మర్ది సెలవులో ఉంటే వేరే జోడీతో పనికి వెళ్ళేవాడు. మెయిన్ స్విచ్ కట్టేసి, రెండు చేతులతో దాన్ని పట్టుకుని, కళ్ళు మూసుకుని నిలబడేవాడు. కళ్ళు తెరిస్తే ఏదో ఒకటి కనిపిస్తుందని, కనిపిస్తే అటు పోతానని భయం. ఇంట్లో స్టవ్ కట్టేసి వచ్చి, మళ్ళీ వెళ్ళి చూసి, దారిలో తిరిగి అనుమానం వచ్చి వెనక్కి వచ్చేవాడు. కూతురు చెయ్యి పట్టుకుని రోడ్డు దాటడం మానేశాడు. "నువ్వు తీసుకెళ్ళు" అని భార్యకి చెప్పేవాడు. ఆమె ఎందుకని అడిగితే కాలు నొప్పి అనేవాడు.

బామ్మర్దికి కట్టు మార్పించడానికి వెళ్ళినప్పుడు ఎముకల డాక్టరు గదికి ఎదురుగా మానసిక వైద్యం అన్న బోర్డు కనిపించింది. మెరుపు ఆ తలుపుకి వీపు పెట్టి నిలబడ్డాడు. బామ్మర్ది మోచేత్తో పొడిచాడు. "వెళ్ళు బావా. లోపల పులేం లేదు."

పులి ఉంటే నయం అనుకున్నాడు మెరుపు. పులి తింటుంది, అంతేగానీ పిచ్చివాడివని చెప్పదు.

ఆ వారంలోనే ఒక పొద్దున, పనికని ఇంట్లో చెప్పి ఆ మానసిక వైద్యం గదికి వెళ్ళాడు. మిగతా రోగుల్ని చూడకుండా నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు. పక్కన ఒక పెద్దావిడ ప్రశాంతంగా స్వెటర్ అల్లుకుంటోంది. ఈవిడకేం రోగమో అనుకుంటుండగా వరండా చివర ఆసుపత్రి లిఫ్టు తలుపు మూసుకుంటూ కిర్రుమంది. మూసుకుని, మళ్ళీ తెరుచుకుని, మళ్ళీ మూసుకుంది. కింద గాడిలో ఏదో అడ్డం పడి ఉంటుంది.

లోపలినుంచి పిలిచినప్పుడు కుర్చీ ఖాళీగా ఉంది. నర్సు వెతుక్కుంటూ వచ్చేసరికి అతను లిఫ్టు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, గాడిలోంచి ఒక సీసా మూత పైకి లాగుతున్నాడు.

"ఏమండీ, డాక్టరుగారు పిలుస్తుంటే ఇక్కడేం చేస్తున్నారు?"

మూత చేతిలో పట్టుకుని లేచాడు. ఈ ఒక్క గంటైనా మనిషిలా కూర్చోలేకపోయాను కదా అనుకున్నాడు.

డాక్టరమ్మ నడివయసు మనిషి. గొంతు పెద్దది. సంగతి నర్సు చెబితే నవ్వి, "ఆ తలుపు నెలరోజులుగా మా ప్రాణం తీస్తోంది, కూర్చోండి" అంది. అతను కుర్చీ అంచున కూర్చున్నాడు. ఏం చెప్పాలో దారి పొడుగునా అనుకున్నవన్నీ ఎగిరిపోయి, నోట్లోంచి ఒకటే వచ్చింది.

"నేనొక మనిషిని చంపబోయానండీ."

ఆమె నవ్వు ఆపేసింది. అంతా విన్నది. మధ్యలో అతను దారితప్పి ఆ రాగి ముక్క గురించి, లిఫ్టు కంపెనీల గురించి మాట్లాడుతుంటే మెల్లగా వెనక్కి తెచ్చింది. నిద్ర గురించి, తాగుడు గురించి, దిగులు గురించి అడిగింది. చిన్నప్పుడెలా ఉండేవారు అంది. అతనికి గుర్తు లేదు. "మీ చిన్నతనం తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

తల్లి పోయింది. పెంచింది పెద్దక్క. డాక్టరమ్మ ఎదుటే ఫోన్ కలిపి స్పీకరులో పెట్టాడు.

"చిన్నప్పుడా?" పెద్దక్క గొంతు గదంతా నిండింది. "వాడికి పలక తాడుతో మెడలో కట్టి పంపేదాన్నండీ. అయినా తాడుతో సహా పోగొట్టుకొచ్చేవాడు. చెప్పులైతే ఎప్పుడూ ఒకటే ఉండేది. కూర్చోరా అంటే కూర్చునేవాడు, కుర్చీ మాత్రం నడిచేది. మంచి మనసండీ వాడిది. మాస్టార్లు మాత్రం తోలు ఒలిచేవాళ్ళు." ఒక్కసారి గొంతు మారింది. "ఇంతకీ మీరెవరు? వాడికేమైంది?"

"ఏం కాలేదక్కా, తర్వాత చెప్తా" అని పెట్టేశాడు.

మొదటి రోజే ముద్ర వేయనని డాక్టరమ్మ చెప్పింది. రక్తపరీక్షలు రాసింది, మళ్ళీ రమ్మంది, ఇంకా ఎన్నో అడిగింది. రెండోసారి వెళ్ళినప్పుడు చెప్పింది. దీన్ని ఏడీహెచ్‌డీ అంటారు, పిల్లల్లోనే ఉంటుందనుకుంటారు, కొందరిని మాత్రం పెద్దయ్యాక కూడా వదలదు. శ్రద్ధ లేకపోవడం కాదు, ఉన్న శ్రద్ధ మీరు చెప్పినచోట నిలబడకపోవడం. మందులున్నాయి, చాలామందికి పనిచేస్తాయి, అందరికీ కాదు.

మెరుపు తలెత్తాడు. "అయితే నేను వెధవని కాదన్నమాట."

"ఆ పరీక్ష నేను చేయలేదు" అంది డాక్టరమ్మ.

ఫక్కున నవ్వాడు. నవ్వుతూనే కళ్ళ నీళ్ళు వచ్చాయి. అవి ఆగేదాకా ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

తర్వాత భయాలన్నీ ఒక్కొక్కటీ బయటికొచ్చాయి. "ఆ మాత్రలకి బానిసనైపోతే? మా నాన్న నిద్రమాత్రలు లేనిదే పడుకోలేకపోయేవాడండీ, చివరికి వాటితోనే పోయాడు."

"అందుకే ముందు చెప్పమని అడిగేది. తక్కువ మోతాదుతో మొదలుపెడతాను. నేను చెప్పినదానికంటే ఒక్కటి కూడా ఎక్కువ వేసుకోకూడదు. నెలకి ఒకసారి నాకు కనబడాలి. ముందు గుండె పరీక్ష చేయిద్దాం, బీపీ చూద్దాం."

"గుండె ఆగిపోతుందా?"

"ఆగేలా ఉంటే ఇవ్వను."

"నేను మారిపోతానా? లోపాలు చిటికెలో కనిపెడతానండీ నేను. ఆ ఒక్కటే నాకు వచ్చింది. అది కూడా పోతే?"

"పోతుందని నేననుకోను. పోయినట్టనిపిస్తే వచ్చి చెప్పండి, మారుద్దాం." తర్వాత పెన్ను కింద పెట్టింది. "ఇప్పుడు నేనొకటి అడుగుతా. ఈ వారం మెయిన్ స్విచ్ దగ్గర ఎవరుంటారు?"

"నేనే."

"వద్దు."

"మీరు కంపెనీకి చెప్తారా?"

"మీరు చెప్పండి. మందు కుదురుకునేదాకా ఇంకొకరి ప్రాణం మీ చేతిలో పెట్టొద్దని. ఇంకో మనిషి కింద దిగేలోపు."

గుండె పరీక్ష అయ్యాక, మాత్రలు తీసుకుని ఆసుపత్రి బయట ఎండలో నిలబడ్డాడు. కంపెనీకి చెప్పడమంటే మెట్ల మీద జారిన కథ అబద్ధమని చెప్పడం. అది భార్య చెవిన పడకుండా ఉండదు. వేరేవాళ్ళ నోటి వెంట వినేకంటే తన నోటి వెంట వినాలి. కాళ్ళు ఇంటివైపు పడటం లేదు. పిట్‌లోంచి వచ్చిన కేక కంటే భార్య మిషను ఆగే క్షణానికి ఎక్కువ భయపడుతున్నానని తెలిసింది.

ఇల్లు చేరేసరికి ఆమె చొక్కా కాలరు కుడుతోంది. కూతురు స్కూల్లో ఉంది. ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు.

"ఇవాళ పనికి పోలేదా?"

"నీ తమ్ముడు మెట్ల మీద పడలేదు."

మిషను ఇంకొంచెం దూరం నడిచి ఆగింది.

"నేను స్విచ్ వేశాను. వాడు కింద ఉన్నాడు. మర్చిపోయి వేశాను."

ఆమె అర్థం కానట్టు చూసింది. తర్వాత అర్థమైంది. ఎలా అర్థమైందో అతను ఆమె మొహంలో చూశాడు, ఆ చూపు జన్మలో మర్చిపోడు. తిట్టలేదు. అరిచి ఉంటే బాగుండేది. లేచి, ఒళ్ళో దారపు ముక్కలు దులుపుకుని, చెప్పులు వేసుకుంది.

"డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఏదో ఉందట నాకు. మాత్రలిచ్చింది" అన్నాడు వెనకనుంచి.

"నా తమ్ముణ్ణి చూసొస్తా" అని వెళ్ళిపోయింది.

కుట్టు సగంలో ఆగిన కాలరుని చూస్తూ కూర్చున్నాడు. తిరిగి రాదేమో. వచ్చి, కూతుర్ని తీసుకుని వెళ్ళిపోతుందేమో. వెళ్ళినా తప్పేముంది? రోజూ తనతో ఒకే ఇంట్లో ఉండటం పిట్‌లో ఉండటంలాంటిదే కదా. కూతురు స్కూలునుంచి వచ్చే వేళ దాటిపోయిందని భయంతో లేచి పరుగెత్తబోయాడు. గడియారం చూస్తే ఇంకా మధ్యాహ్నమే.

చివరికి ఆమె వచ్చింది, వెనకే కట్టుతో బామ్మర్ది. వాడి మొహం కందగడ్డలా ఉంది.

"నేను కడుపులో పెట్టుకున్నదాన్ని నువ్వెందుకు కక్కావు బావా? నిన్ను నోరెత్తొద్దన్నానా లేదా?"

"నువ్వు నోర్ముయ్" అంది భార్య తమ్ముడితో. "చచ్చుంటే కూడా మెట్ల మీద జారి చచ్చాడని చెప్పేవాళ్ళు ఇద్దరూ." అప్పుడు ఏడ్చింది. కూర్చుని, చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఇద్దరూ దొంగల్లా నిలబడ్డారు. ఏడుపు తగ్గాక మొగుడి వైపు చూడకుండానే అడిగింది. "ఆ మాత్రలు ఎప్పట్నుంచి?"

"నువ్వు ఒప్పుకుంటే... అంటే... నువ్వు పక్కనుంటే రేపట్నుంచి."

"ఉంటా. మీ మీద కోపం పోయి కాదు."

ఆ మాత్రతోనూ తిప్పలే. మర్నాడు టిఫిను తిన్నాక అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. బియ్యపు గింజ కంటే కొంచెం పెద్దది. గుండె పరీక్ష బాగానే వచ్చింది, డాక్టరమ్మ చూపించింది కూడా. అయినా నాన్న మంచం పక్కన ఖాళీ అయిన మాత్రల రేకులు కళ్ళ ముందు కదిలాయి. నోటి దాకా తీసుకెళ్ళి దించాడు. మళ్ళీ తీసుకెళ్ళాడు.

"చేదు మందుకి చంటిపిల్ల కూడా ఇంత చేయదు" అంది భార్య. కానీ ఆమె కూడా నీళ్ళ గ్లాసు కింద పెట్టకుండా పక్కనే నిలబడింది.

మింగాడు. మెడ మీద నాడి పట్టుకుని కూర్చున్నాడు. గుండె వేగంగా కొట్టుకుంది. మందుకో, భయానికో తెలియలేదు. "కొట్టుకుంటోంది, చూడు, కొట్టుకుంటోంది" అన్నాడు. ఆమె నాడి పట్టుకుని, "కొట్టుకోకపోతే గదా భయం" అంది. నోరు పిడచకట్టింది. అరచేతులు చల్లబడ్డాయి. ఆసుపత్రికి పోదామా అని రెండుసార్లు లేచి, రెండుసార్లు కూర్చున్నాడు.

మెల్లగా ఏదో జరిగింది. ఏదో జరుగుతున్నట్టు కూడా తెలియలేదు. భార్య యూనిఫారాల ఆర్డరు గురించి, కూతురి టీచరు ఏమందో, ఇంటివాళ్ళు గోడకి సున్నం ఎప్పుడు వేయిస్తామన్నారో చెప్తోంది. చెప్పి చెప్పి, అలవాటు చొప్పున, "నేనేం చెప్పానో విన్నారా?" అంది.

అతను చెప్పాడు. ఆర్డరు, టీచరు, సున్నం. మధ్యలో ఆమె దగ్గిందని కూడా చెప్పాడు.

సంతోషించాల్సింది పోయి, ఆమె కళ్ళలో భయం కనిపించింది. "ఇన్నేళ్ళూ," అంది చివరికి, "ఇన్నేళ్ళూ నేను గోడకి చెప్పుకున్నానా?"

అతను స్టూలు ఆమెకి దగ్గరగా జరుపుకున్నాడు.

సాయంత్రానికి మందు దిగిపోయి, ఒళ్ళు చిరచిరలాడి, కూతురు పెన్సిలు కింద పడేస్తే గయ్యిమన్నాడు. పాప బిక్కచచ్చిపోయింది. ఆకలి లేదు, నిద్ర పట్టలేదు. ఇలాగైతే మానేస్తానని మళ్ళీ వెళ్ళి చెబితే డాక్టరమ్మ మందు మార్చింది, వేళ మార్చింది. రెండోది నయమనిపించింది. మనిషి మారిపోలేదు. తాళంచెవులు ఇంకా పోతూనే ఉన్నాయి. కాకపోతే పోయాయని వెంటనే తెలిసేది.

అంతకుముందే, మొదటి మాత్ర వేసుకున్న మర్నాడే, కంపెనీలో చెప్పడానికి భార్యే తోడు వచ్చి గేటు బయట నిలబడింది. సూపర్‌వైజరుని అందరూ కొలబద్ద అనేవాళ్ళు. నవ్వడు, వంగడు. అంతా విని కొలబద్ద లేచి నిలబడ్డాడు. "బయటికి పో" అన్నాడు. మెరుపు బయటికి నడిచాడు. పని పోయిందనే అనుకున్నాడు. గేటు దాకా వెళ్ళాక వెనక్కి పిలిచారు. కొలబద్ద మొహం తెల్లగా పాలిపోయి ఉంది.

"ఆ పిట్‌లో ఎర్ర మీట పాడైందని నాకు తెలుసు" అన్నాడు. "మార్పించమని ఆ భవనంవాళ్ళకి చెప్పి ఊరుకున్నాను. మీ ఇద్దర్నీ అందులోకి పంపింది నేనే." "డాక్టరు సరేననేదాకా నువ్వు కంపెనీ షెడ్డులోనే ఉండు. లిఫ్టు తలుపుల తాళాలు బాగుచెయ్యి. తర్వాత చూద్దాం."

ఆ తర్వాత నుంచి ఆ కంపెనీలో పిట్‌లోకి దిగేవాడే మెయిన్ స్విచ్‌కి తాళం వేసి, తాళంచెవి తన జేబులో పెట్టుకుని దిగాలని కట్టడి వచ్చింది. పైనున్నవాడు ఎంత మెరుపైనా దాన్ని తెరవలేడు. అబద్ధం చెప్పినందుకు బామ్మర్దికి చీవాట్లు పడ్డాయి, అవీ బావ పుణ్యమేనని ఇంటికొచ్చి చెప్పాడు.

షెడ్డులో కూర్చుని తాళాలు విప్పి బిగించడం మెరుపుకి మొదట జైలులా ఉంది. తర్వాత అంత కష్టం అనిపించలేదు. ఒకదాన్ని మొదలుపెడితే దాన్ని ముగించి లేవడం అతనికి కొత్త. చాలా రోజులకి డాక్టరమ్మ సరేనంది. మళ్ళీ మోటారు గదుల్లోకి వెళ్ళాడు, కొత్త జోడీతో. కంట్రోలు పెట్టె తెరిస్తే లోపం ఇప్పటికీ చిటికెలోనే కనిపించేది. ముందు తాళం పడిందో లేదో చూసుకుని, తర్వాతే అటు తిరిగేవాడు. అయినా కిందివాడు మెట్లెక్కి వచ్చి తాళం తీసేదాకా టీ కూడా తాగలేకపోయేవాడు.

బామ్మర్ది మాట తప్పలేదు. బావతో మళ్ళీ పిట్‌లోకి దిగలేదు. ఇంటికి వస్తాడు, పక్కన కూర్చుని తింటాడు, ఏడిపిస్తాడు. పని మాత్రం వేరే. మెరుపు ఎప్పుడూ అడగలేదు.

ఒక ఆదివారం పెద్దక్క ఫోన్ చేసింది. అసలు సంగతి అప్పటికి ఆమెకు తెలుసు. ఊరి కబుర్లన్నీ చెప్పింది. కూర మాడిందని మధ్యలో పరుగెత్తి, వచ్చి, ఎక్కడ ఆపానంది. చివర్లో గొంతు తగ్గించింది.

"ఒరేయ్, మీ బావ బయటికెళ్ళారులే, అందుకని అడుగుతున్నా. మొన్న మనవడికి స్నానం చేయించడానికి నీళ్ళు మరగబెట్టాను. చన్నీళ్ళు కలపడం మర్చిపోయాను. వాడి కాలు పెట్టబోతుంటే కోడలు చూసి లాక్కుంది." ఊపిరి వినిపించింది. "అప్పట్నుంచి పిల్లాణ్ణి ఎత్తుకోవాలంటే చేతులు రావట్లేదు. ఆ డాక్టరమ్మ నాలాంటి ముసలిదాన్ని చూస్తుందా?"

చిన్నప్పుడు తన మెడలో పలక కట్టిన చేతులు మెరుపు కళ్ళ ముందు కనిపించాయి.

"చూస్తుందక్కా."

"లోపలికి వెళ్ళాలంటే భయమేస్తుందేమో రా."

"వేస్తుంది. నేనొస్తాగా" అన్నాడు. ఫోన్ పెట్టేయకుండానే భార్యని పిలిచి, తను మర్చిపోకముందే అక్కని ఏ రోజు తీసుకెళ్ళాలో రాసిపెట్టమన్నాడు.